నాయన బ్రనో .22ను బాగుచేయించాలా, ఆగిపోయిన హెవీ బ్యారెల్ వార్మింట్ కోసం వెతకాలా?

గుంతకల్లు జంక్షన్ (ప్రశ్న):

అందరికీ నమస్కారం. నేను రైల్వే ఉద్యోగిని. ఉండేది గుంతకల్లులో, సొంతూరు ఉరవకొండ పక్కన పల్లె. మా నాయన దగ్గర బ్రనో మోడల్ 2 ఉంది, .22 బోల్ట్ యాక్షన్ రైఫిల్. 1979లో బెంగుళూరులో ఒక డీలర్ దగ్గర కొన్నాడు. ఆ రసీదు ఇప్పటికీ లైసెన్సు పుస్తకంలోనే మడిచి పెట్టుకున్నాడు. ఇప్పుడాయనకు 74 ఏండ్లు. చూపు ఆనడం లేదు. "నీ పేరు మీదికి మార్చుకోప్పా, నా దగ్గర ఉంటే తుప్పు పట్టిపోతాది" అని దసరా నుంచీ అంటున్నాడు.

రైఫిల్ పరిస్థితి ఇదీ. బోల్ట్ వెనకాల, చెయ్యి పట్టుకునే సన్నని చోట కట్టె పగిలింది. పగులు కిందికి అరజానెడు పొడవు ఉంటుంది. ఎప్పుడో ఊర్లోనే దానికి ఇత్తడి రేకు చుట్టి మరలు బిగించినారు. 2024 ఎన్నికలకు అందరూ చేసినట్టే పోలీస్ స్టేషన్‌లో డిపాజిట్ చేసినాము. తిరిగి ఇచ్చేసరికి బ్యారెల్ కుడి పక్క బొటనవేలు మేర ఎర్రగా తుప్పు. ఐదు తూటాల ఇనుప మ్యాగజైన్ పెదవి వంగింది. రెండో తూటా ఎక్కేటప్పుడు ముక్కు పైకి లేచి ఇరుక్కుంటుంది. మిగతా ఇనుమంతా బాగుంది. బోల్ట్ తెరిచి మూస్తే ఇప్పటికీ వెన్నలా జారుతుంది.

నాకు వేటతో పని లేదు. 50 మీటర్ల గురి నేర్చుకోవాలని ఉంది. ప్యారిస్ ఒలింపిక్స్‌లో స్వప్నిల్ కుసాలే 50 మీటర్ల రైఫిల్ త్రీ పొజిషన్స్‌లో (మోకాలి మీద, పండుకొని, నిలబడి కాల్చేది) కాంస్యం గెలిచిన రోజు మా ఆఫీసులో పండగే. ఆయన కూడా రైల్వే మనిషే కదా, అప్పుడు సెంట్రల్ రైల్వేలో టీటీఈ. ఆ రోజు నుంచి ఈ పురుగు లోపల తొలుస్తూనే ఉంది.

ఇంతలో వీడియోల్లో సీజెడ్ అనే చెక్ కంపెనీ 452 వార్మింట్ చూసినాను. లావు బ్యారెల్, చూడ్డానికే గట్టిగా నిలబడిన రైఫిల్. మా నాయన బ్రనోకు వారసురాలే అది. కానీ 452 తయారీ ఆగిపోయింది. తర్వాత వచ్చిన 455 కూడా ఆగి ఇప్పుడు 457 నడుస్తోంది. నా ప్రశ్నలు: 452 వార్మింట్ మన దేశంలో యాడన్నా దొరుకుతుందా? దొరక్కపోతే నాయన రైఫిల్‌కే లావు బ్యారెల్ వేయించొచ్చా? లేదా ఉన్న బ్యారెల్‌నే కొంచెం పొట్టి చేసి గట్టిపరచొచ్చా? కట్టె కొత్తది చేయించాలా? తెలిసినవాళ్ళు చెప్పండి. నాయన ఉండగానే దీన్ని మళ్ళా మంచి రూపులో ఆయన చేతికి ఇవ్వాలని నా కోరిక.

---

ప్రొద్దుటూరు నుంచి కొలరాడో:

అన్నా, నేను పుట్టింది ప్రొద్దుటూరులో, ఉద్యోగం ఇక్కడ డెన్వర్ దగ్గర. ఈ వార్మింట్ రైఫిల్ పుట్టుక ఈ దేశంలోదే. పంటలు పాడుచేసే జంతువులను ఇక్కడ వార్మింట్ అంటారు. ప్రెయిరీ డాగ్ అని ఉడుత జాతి జంతువు, నేలలో బొరియలు చేసుకుని వందలు వందలుగా ఉంటాయి. గ్రౌండ్‌హాగ్‌లు, కయోటీలు కూడా. పశువుల మేత, పంటలు పాడు చేస్తాయని రైతులు కాలుస్తారు. లక్ష్యం చిన్నది, దూరం ఎక్కువ, ఒక్కపూటలో పేలే తూటాలు చాలా. 1950లో వచ్చిన .222 రెమింగ్టన్ లాంటి తూటాలతో సన్నని బ్యారెల్ తొందరగా కాగిపోయి గురి పక్కకు జరుగుతుంది. అందుకే లావు బ్యారెల్. నా దగ్గర సీజెడ్ 527 వార్మింట్ ఉంది, అదీ ఇప్పుడు తయారు చేయడం లేదు. మధ్యాహ్నం ఎండలో వరసగా పది పదిహేను కాల్చినాక బ్యారెల్ మీద చెయ్యి పెట్టలేము. నీళ్ళు తాగి, నీడన కూర్చుని, చల్లారినాకే మళ్ళా.

నీకు ఆ అవసరం లేదన్నా. నీ రైఫిల్‌లో వేసే .22 లాంగ్ రైఫిల్ తూటాలో మందు చిటికెడు. అది బ్యారెల్‌ను అంతగా కాల్చదు. ఇక్కడ పాత బ్రనోలకు ఇప్పటికీ గిరాకీ ఉంది. వాటిని విప్పి మార్చేవాళ్ళకంటే ఉన్నది ఉన్నట్టు దాచుకునేవాళ్ళే ఎక్కువ. మన దేశపు చట్టాల సంగతి నాకు తెలీదు, అక్కడివాళ్ళు చెప్తారు.

---

బురుజు మాస్టారు, కర్నూలు:

కర్నూలులో చాలాకాలం ఎన్‌సీసీ పిల్లలకు .22 డీలక్స్ రైఫిళ్ళతో 25 గజాల ఫైరింగ్ నేర్పినవాణ్ణి. రిటైరయ్యాక హైదరాబాద్‌లో యూనివర్సిటీ ఆవరణలోని రేంజ్‌కు పోయి 50 మీటర్లు కాలుస్తుంటాను. మీ నాయన ఆ రసీదు దాచిపెట్టినాడు చూడండి, దానికి ముందు ఆయనకు నా నమస్కారం చెప్పండి. కాగితం లేని మంచి రైఫిల్ కంటే కాగితం ఉన్న పగిలిన రైఫిల్ ఎంతో మేలు.

మొదట పేరు మార్పిడి. 2016 ఆయుధ నియమాల్లో 25వ నియమం సరిగ్గా మీలాంటి వాళ్ళ కోసమే ఉంది. లైసెన్సుదారు చనిపోతేనే కాదు, ఆయనకు 70 ఏండ్లు నిండినా, లేదా ఆ ఆయుధం ఆయన దగ్గర 25 ఏండ్లు ఉన్నా, బతికుండగానే వారసుడి పేరుకు అడగొచ్చు. మీ నాయనకు రెండూ వర్తిస్తాయి. మీకు అన్నదమ్ములు, అక్కచెల్లెండ్లు ఉంటే వాళ్ళ అభ్యంతరం లేదనే పత్రాలు సిద్ధం చేసుకోండి. దరఖాస్తు ఫారం ఏ-1. దాంతోపాటు ఆయుధాల భద్రత శిక్షణ తీసుకున్నట్టు ఎస్-1 సర్టిఫికెట్. లైసెన్సు చేతికి వచ్చేదాకా ఆ రైఫిల్ మీ నాయనదే. మీరొక్కరే దాన్ని సంచిలో వేసుకుని రేంజ్‌కు పోకూడదు. బాగుచేయించడానికి తీసుకుపోవాలన్నా ఆయన వెంట ఉండాలి, లేదా ఆయన రాతపూర్వక అనుమతి మీ చేతిలో ఉండాలి.

452 వార్మింట్ సంగతి. 1980ల నడుమ నుంచి మామూలు మనిషికి విదేశీ తుపాకి దిగుమతి లేదు. దేశంలో ఉన్న 452లు ఎక్కువగా క్రీడాకారుల కోటాలో వచ్చినవే. ఎవరైనా అమ్ముతామంటే, అమ్మేవాళ్ళు ముందుగా జిల్లా మేజిస్ట్రేటుకు గానీ దగ్గరలోని స్టేషన్‌కు గానీ రాతపూర్వకంగా తెలపాలి. అలా తెలిపిన తర్వాత 45 రోజులు గడవాలి. అప్పుడే చేతులు మారాలి. ఇది ఆయుధ చట్టం 5వ సెక్షన్‌లో ఉన్న మాట. "ముందు తీసుకుపో, కాగితాలు తర్వాత చూసుకుందాం" అన్నవాడి గడప తొక్కొద్దు. బ్యారెల్ మీది నంబరు, రిసీవర్ (బోల్ట్ కూర్చునే ఇనుప భాగం) మీది నంబరు, బోల్ట్ మీది నంబరు, లైసెన్సులో రాసిన నంబరు పక్కపక్కన పెట్టి చదవండి. ఒక్క అంకె తేడా ఉన్నా వెనక్కి తిరగండి. 2019 సవరణ తర్వాత మామూలు మనిషికి రెండు తుపాకులే. అంతకుముందు మూడుండేవి. నాయనది మీ పేరుకు వస్తే మిగిలేది ఒక్క చోటే. ఆ చోటు తొందరపడి నింపొద్దని నా అభిప్రాయం.

ఇప్పుడు లావు బ్యారెల్. కొలరాడో తమ్ముడు వేడి గురించి చెప్పినది సరైనది. .22కు మిగిలేది బరువొక్కటే. బరువు ఉంటే చేతిలో వణుకు తగ్గుతుంది, నిజమే. దానికోసం బ్యారెల్ మార్చక్కర్లేదు. ఇక పొట్టి చేయడం అనే మాట మనసులోంచి తీసేయండి. లైసెన్సు లేకుండా తుపాకి బ్యారెల్ పొట్టి చేయడం, ఒక రకాన్ని ఇంకో రకంగా మార్చడం 6వ సెక్షన్ కింద నేరం. పైగా దానివల్ల ఒరిగేది లేదు. .22 లాంగ్ రైఫిల్ మందు పదహారు, పద్దెనిమిది అంగుళాల లోపలే పూర్తిగా కాలిపోతుంది. మీ మోడల్ 2కు ఉన్న పొడుగు బ్యారెల్ వేగం కోసం కాదు, ముందు సైట్‌కూ వెనక సైట్‌కూ మధ్య దూరం పెంచడం కోసం. ఆ దూరం ఎంత ఎక్కువుంటే గురిలో పొరపాటు అంత తక్కువ. ఓపెన్ సైట్‌తో కాల్చేవాడికి అది వరం. 452 వార్మింట్‌కైతే అసలు సైట్లే ఉండవు, స్కోప్ పెట్టుకోవాలి. ఒలింపిక్ తరహా 50 మీటర్ల పోటీల్లోనేమో స్కోప్ ఒప్పుకోరు. రంధ్రంలోంచి చూసే అపెర్చర్ సైటే పెట్టాలి. మీ రిసీవర్ పైన 11 మిల్లీమీటర్ల డవ్‌టెయిల్ గాడి ఉంది చూడండి. అపెర్చర్ సైట్ సరిగ్గా దాని మీదికే ఎక్కుతుంది. మీకు కావలసిన రైఫిల్ మీ ఇంట్లోనే ఉంది.

ఇక చేతి పని. నాయనను పక్కన కూర్చోబెట్టుకుని ఒక పొద్దున చేయండి.

మ్యాగజైన్ తీసి, బోల్ట్ తెరిచి, తూటా కూర్చునే చాంబర్‌ను కంటితో చూసి, వేలి కొసతో తడిమి ఖాళీ అని తెలుసుకున్నాకే ఏ పనైనా. ట్రిగ్గర్ నొక్కిపట్టి బోల్ట్ వెనక్కి లాగితే బయటికి వచ్చేస్తుంది. వెనక నుంచి వెలుతురు వైపు చూడండి. గాడులు మూతిదాకా పదునుగా, మెరుస్తూ కనిపించాలి. నల్ల చుక్కలుంటే వెంటనే భయపడొద్దు, పాత సీసమూ మసీ కావచ్చు. ద్రావకం తడిపిన గుడ్డ ముక్కతో చాంబర్ వైపు నుంచే తుడవండి. మూతి వైపు నుంచి కడ్డీ దూర్చొద్దు. మూతి అంచు ఒక పక్క అరిగితే తూటా వెనకనుంచి గ్యాసు ఒక పక్కకే తన్ని గురి చెడుతుంది. ఆ అంచు మీద గోరు తిప్పి చూడండి. ఎక్కడా తగులుకోకుండా ఒకే తీరుగా ఉంటే మీ బ్యారెల్‌కు ఇంకో తరం ఆయుష్షు ఉన్నట్టే.

పైన తుప్పుకు ఎమెరీ కాగితం ముట్టించొద్దు. అతి సన్నని స్టీల్ ఊల్‌ను తుపాకి నూనెలో తడిపి, వేలి కొసతో, బరువు పెట్టకుండా రుద్దండి. ఎర్రది పోతుంది, కింద నీలిపూత చాలామటుకు నిలుస్తుంది. కొంచెం గుంటలు మిగిలినా మిగలనివ్వండి. మళ్ళా నీలిపూత వేయించాలని పాలిష్ పట్టిస్తే అక్షరాలు, ముద్రలు, నంబరు అరిగిపోతాయి. నంబరు అరిగిన రైఫిల్‌తో మీరు ఏ ఆఫీసు మెట్లూ ఎక్కలేరు. ఎన్నికలకు మళ్ళా డిపాజిట్ చేయాల్సి వస్తే గ్రీజు పల్చగా పూసి, నూనె కాగితం చుట్టి ఇవ్వండి. తోలు సంచి, కాన్వాస్ సంచి వద్దు, తేమను అవే పట్టి ఉంచుతాయి. రైఫిల్ అసోసియేషన్‌లో సభ్యులై పోటీలకు పోయే క్రీడాకారులకు ఈ డిపాజిట్ నుంచి మినహాయింపు అడిగే వీలుంది. క్లబ్బులో చేరడానికి అదీ ఒక కారణం.

కట్టె గురించి నాకు చెప్పాలని ఎక్కువ ఉంది. కొత్తది చేయించొద్దు. ఇత్తడి రేకు నిదానంగా విప్పండి. మరల రంధ్రాల్లోంచి నలభై ఏండ్ల నూనె పగులులోకి దిగి ఉంటుంది. నూనె ఉన్న చోట ఏ జిగురూ పట్టదు. ఇక్కడే చాలామంది కట్టె పాడైపోతుంది. అసిటోన్‌తో తడిపి, ఆరనిచ్చి, మళ్ళా తడిపి, గుడ్డకు పసుపు మరక అంటడం ఆగేదాకా చేయండి. తర్వాత నిదానంగా గట్టిపడే అరాల్డైట్. ఐదు నిమిషాలది వద్దు. పగులును కొంచెం విప్పి పట్టుకుని, సన్నని రేకుతో లోపలికంటా నెట్టండి. పాత సైకిల్ ట్యూబును వేలెడు వెడల్పు కోసి, గట్టిగా లాగుతూ చుట్టండి. ఆ వంపుకు ఏ బిగింపు చట్రమూ దానంత బాగా కూర్చోదు. ఒక రోజంతా కదల్చొద్దు. గట్టిపడ్డాక పగులుకు అడ్డంగా సన్నని ఇత్తడి పుల్ల ఒకటి దిగేయించండి. పైకి చుక్కంత కనపడుతుంది, అంతే. వడ్రంగికి ఇవ్వాలంటే కట్టె ఒక్కటే ఇవ్వండి. ఇనుము లైసెన్సున్న మనిషి దగ్గర, బీరువాలో తాళం వేసి ఉండాలి. లైసెన్సు లేనివాడి చేతిలో తుపాకి ఒక్క గంట కూడా ఉండకూడదు.

ఇక అసలు గురి దాక్కున్న చోటు చెప్తాను. బ్యారెల్‌కూ కట్టెకూ మధ్య పది రూపాయల నోటు దూర్చి, మూతి వైపు నుంచి వెనక్కి జరపండి. ఎక్కడో ఒక చోట ఆగుతుంది. మన ప్రాంతంలో మే నెల ఎండకు కట్టె ఎండి ముడుచుకుంటుంది, వానలు పడితే ఉబ్బుతుంది. ఒక పక్క బ్యారెల్‌ను నెట్టడం మొదలుపెడుతుంది. జనవరిలో నడుమ తగిలిన తూటా ఆగస్టులో పక్కకు పోయేది ఇందుకే. కొత్త బ్యారెల్ వేసినా ఇదే కట్టెలో కూర్చోబెడితే ఇదే జబ్బు. నోటు ఆగిన చోట గుర్తు పెట్టి, గుండ్రటి కర్రకు ఉప్పుకాగితం చుట్టి కొంచెం కొంచెంగా తియ్యండి. ఆ తర్వాత రిసీవర్ కూర్చునే చోట పల్చగా ఎపాక్సీ పోసి, అది ఆరేలోగా రిసీవర్ దిగేలా చేస్తారు, దాన్ని బెడ్డింగ్ అంటారు. ఇనుముకు ముందుగా బూట్ పాలిష్ బాగా పట్టించాలి. మూలల్లో, మర రంధ్రాల్లో కూడా. లేకపోతే కట్టె, ఇనుము మళ్ళా విడిపోవు. ఇది లైసెన్సున్న గన్‌స్మిత్ చేత చేయించండి, మీరు పక్కన నిలబడి చూడండి.

ట్రిగ్గర్ లోపలి కొక్కేలను రాయి పెట్టి అరగదీసే పని ఎవరు చేస్తామన్నా వద్దు. స్ప్రింగ్ బిగువు సరిచేయడం వరకే, అదీ గన్‌స్మిత్ చేతనే. ఖాళీ రైఫిల్‌తో టక్కుమని కొడుతూ అలవాటు చేసుకోవద్దు. పిన్ను తూటా అంచును కొట్టే ఇలాంటి రిమ్‌ఫైర్ రైఫిల్‌లో తూటా లేకపోతే పిన్ను పోయి చాంబర్ అంచును కొట్టే ప్రమాదం ఉంది. స్నాప్ క్యాప్ అనే ఉత్తుత్తి తూటా వేసుకోండి.

---

లంకమల నీడ, కడప:

మాస్టారికి నమస్కారం. నా దగ్గర 452 వార్మింట్ ఉంది. హైదరాబాద్‌లో ఒక షూటర్ దగ్గర, డీలర్ ద్వారా, సార్ చెప్పిన 45 రోజుల పద్ధతిలోనే కొన్నాను. అందుకే ఒక్క మాట వేరేగా చెప్తాను. బరువు ఒక్కటే అని సార్ తేల్చేసినారు గానీ, బెంచీ మీద ఇసుక సంచి వేసుకుని కాల్చేవాడికి ఆ బరువు చిన్న విషయం కాదు. రైఫిల్ ముందు భాగం సంచి మీద కుదురుగా పండుకుంటుంది. స్కోప్‌లో గీత కదలదు. దాంతో ఏ తూటా ఈ బ్యారెల్‌కు పడుతుంది, ఏది పడదు అని తెలుసుకోవడం సులువు. ఎలే, ఎస్‌కే కంపెనీల తూటాలు మార్చి మార్చి కాలిస్తే నా బ్యారెల్ ఎస్‌కేను మెచ్చుకుంది. నా స్నేహితుడి 452 దానికి సరిగ్గా ఎదురు. ఇది పుస్తకం చూసి తెలిసేది కాదు, కాల్చి చూడాల్సిందే.

స్కోప్ తీసుకునేవాళ్ళకు: పెద్ద రైఫిళ్ళ స్కోపుల్లో పారలాక్స్ 100 గజాలకు సరిచేసి ఉంటుంది. 50 మీటర్లలో కన్ను కొంచెం జరిగితే గీత కూడా జరిగినట్టు కనపడుతుంది. ముందు రింగు తిప్పి దూరం సరిచేసుకునేది చూసుకోండి.

గుంతకల్లు అన్నా, మోడల్ 2 మీద, 452 మీద సేఫ్టీ (పేలకుండా ఆపే మీట) 457తో పోలిస్తే తిరగబడి పనిచేస్తుంది. వీడియోలో చూసినట్టు ముందుకు తోస్తే మీది కాల్చే స్థితి అనుకోవద్దు. ఖాళీ రైఫిల్‌తో నాయన చేత ఒకసారి చూపించుకోండి. మ్యాగజైన్ మాట: నా 452 మ్యాగజైన్ ఒక పాత మోడల్ 2లో పెట్టి చూసినాము, చక్కగా ఎక్కింది. వంగిన పెదవిని ప్లయర్‌తో సరిచేయాలని చూడకుండా కొత్తది వెతకడమే నయం.

కట్టె విషయంలో మా దగ్గర ఒకాయన ఎర్రచందనంతో బట్ చేయిస్తానన్నాడు. సార్, అది కుదురుతుందా?

---

బురుజు మాస్టారు, కర్నూలు:

బెంచీ మీద బరువు గురించి మీరన్నది ఒప్పుకుంటాను. గుంతకల్లు ఆయన పండుకొని, మోకాలి మీద, నిలబడి కాల్చడం నేర్చుకోవాలనుకుంటున్నాడు కాబట్టి నేను ఆ పక్క నుంచి చెప్పినాను.

ఎర్రచందనం వద్దే వద్దు. శేషాచలం, మీ కడప కొండలు, వాటి చుట్టుపక్కల కొండల్లో తప్ప ప్రపంచంలో మరెక్కడా సహజంగా పెరగని చెట్టు. ముప్పులో ఉన్న జీవజాతుల వ్యాపారం మీది అంతర్జాతీయ ఒప్పందం సైటీస్ రెండో అనుబంధంలో ఉంది. కాగితం లేని ముక్క ఇంట్లో ఉన్నా కేసు. ఒక లైసెన్సు జాగ్రత్తగా కాపాడుకుంటూ ఇంకో కేసు కొని తెచ్చుకోవడం ఎందుకు? అది లేకపోయినా, అంత బరువైన కట్టె బట్‌కు నప్పదు. కాశ్మీర్ అక్రోటు కట్టెకు మించినది లేదు. పగిలినదాన్ని అతికిస్తే సరిపోయే చోట కొత్త కట్టె ఖర్చు దండగ.

---

శనగచేను, నందికొట్కూరు వైపు:

అయ్యా, మీరంతా గురి గురించి మాట్లాడుకుంటున్నారు. నాకు అడవి పందులతో ప్రాణం పోతోంది. రాత్రి ఒక మంద వచ్చిందంటే తెల్లారేసరికి మొక్కజొన్న నేలమట్టం. రోళ్లపాడు వైపు చేలల్లో జింకలు శనగ తినేస్తాయి. మీరు చెప్పే ఈ .22 లైసెన్సుకు పెట్టుకుంటే కాపలాకు పనికొస్తుందా?

---

బురుజు మాస్టారు, కర్నూలు:

మీ బాధ నాకు తెలుసు. మా బంధువుల చేలూ ఆ వైపే. కానీ నిజం చెప్పాలి. పనికిరాదు.

1972 వన్యప్రాణి రక్షణ చట్టం ప్రకారం వేట నిషేధం. కొలరాడోలో రైతు తన పొలంలో వార్మింట్‌ను కాల్చినట్టు ఇక్కడ కుదరదు. కాకి, ఎలుక, చిట్టెలుక, పండ్ల గబ్బిలం లాంటివాటిని తెగుళ్ళుగా చూపే ఐదో షెడ్యూలు ఒకటుండేది. 2022 సవరణలో అది కూడా తీసేసినారు. పంట నాశనం చేస్తున్న రెండో షెడ్యూలు జంతువు విషయంలో చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ రాతపూర్వకంగా అనుమతి ఇవ్వొచ్చని 11వ సెక్షన్ చెబుతుంది. ఆ కాగితం లేకుండా ట్రిగ్గర్ మీద వేలు పడకూడదు. జింక మాట అసలే వద్దు. కృష్ణజింక మొదటి షెడ్యూలులో ఉంది. రోళ్లపాడు బట్టమేక పిట్ట కోసం పెట్టిన అభయారణ్యం.

రెండోది, .22 తూటా 40 గ్రెయిన్ల సీసం. పందికి తగిలితే చావదు, గాయపడి పొదల్లోకి పోతుంది. మరునాడు కట్టెలకు పోయిన ఆడమనిషి మీద పడుతుంది. ఆ తూటా గురి తప్పితే కిలోమీటరు దాటి కూడా పోతుంది, అవతల చేలో ఎవరున్నారో రాత్రి మీకు కనపడదు. కరెంటు తీగ మాత్రం కట్టొద్దు. పంది కోసం కట్టిన తీగకు సొంత మనుషులే పోయిన ఊర్లున్నాయి. మీ పంట నష్టం ఫోటోలు, సర్వే నంబరుతో అటవీ శాఖ రేంజ్ ఆఫీసులో అర్జీ ఇచ్చి, తీసుకున్నట్టు ముద్ర వేయించుకోండి. ఊరంతా కలిసి ఇస్తే బరువుంటుంది. కావాలంటే అర్జీ రాయడానికి నేను వస్తాను, మెసేజ్ పెట్టండి.

---

గుంతకల్లు జంక్షన్:

మాస్టారూ, మీ మాట ప్రకారం ఆదివారం ఉరవకొండ పోయి, నాయన పక్కన కూర్చుని అంతా చూసినాము. ఆయనే బోల్ట్ విప్పినాడు. నాకంటే ముందు ఆయన చేతులకు గుర్తుంది ఆ పని.

బ్యారెల్ లోపల మొదట నల్లగా కనపడింది. గుడ్డలు మార్చి మార్చి తుడిచితే సీసం మసి పోయి గాడులు మూతిదాకా మెరిసినాయి. మూతి అంచు మీద గోరు ఎక్కడా తగల్లేదు. పది రూపాయల నోటు మూతి వైపు నుంచి బాగానే వచ్చి, వెనక సైట్‌కు బెత్తెడు ముందర ఎడమ పక్క ఆగిపోయింది. "వానాకాలం ఇది కుడికి కొడతాంది, ఎందుకో తెలీక సైట్ జరిపేవాణ్ణి" అన్నాడు నాయన. ఇన్నేండ్లూ ఆయన జరుపుతూ వచ్చిన సైట్ మీద సన్నని గీతలున్నాయి, పదునైన దేనితోనో తానే పెట్టుకున్నవి. నేను అంతవరకు అవి గమనించనే లేదు.

ఇత్తడి రేకు తీసినాము. కింద కట్టె నల్లగా నూనె పట్టి ఉంది. అసిటోన్ పని మొదలుపెట్టినాను, గుడ్డకు ఇంకా పసుపు వస్తోంది. కట్టె నా దగ్గర గుంతకల్లులో, ఇనుము నాయన బీరువాలో.

వార్మింట్ ఆలోచన మానుకున్నాను. ఫారం ఏ-1 నింపుతున్నాము. చెల్లెలు బళ్ళారి నుంచి వచ్చి నోటరీ దగ్గర సంతకం పెడతానంది. ఇంకో రెండు సందేహాలు. అపెర్చర్ సైట్ పెడితే ఇప్పుడున్న 200 మీటర్ల దాకా అంకెలున్న వెనక సైట్ తీసేయాలా? కడప అన్నా, ఆ మ్యాగజైన్ ఇంకొకటి దొరికే దారి చెప్పగలవా?

---

బురుజు మాస్టారు, కర్నూలు:

తీయొద్దు. అది బ్యారెల్ మీద ఉంటుంది, అపెర్చర్ రిసీవర్ మీద. పాతదాన్ని పూర్తిగా కిందికి దించేయండి, చూపుకు అడ్డం రాదు. మీ నాయన గీతలు అలాగే ఉండనివ్వండి. ముందు సైట్‌కు తొడుగు ఉంది కదా, అది తీయకండి. అపెర్చర్ రంధ్రంలో ఆ తొడుగు గుండ్రంగా నడుమకు వచ్చేలా కన్ను పెట్టడం అలవాటైతే సగం పని అయినట్టే. 50 మీటర్ల కాగితం మీద పది మార్కుల వలయం 10.4 మిల్లీమీటర్లు. మొదట ఆ పదిని చూడొద్దు. ఐదు తూటాలు ఒకే చోట పడుతున్నాయా అన్నది చూడండి, ఎక్కడ పడ్డా సరే. గుంపు కుదిరినాక సైట్ జరపడం ఎంతసేపు.

ఎడమ పక్క ఆగిన చోట కట్టె తీసేటప్పుడు ఒకేసారి లోతుగా పోవద్దు. అతికించిన పగులు గట్టిపడి, రిసీవర్ మరలు బిగించినాకే నోటు మళ్ళా దూర్చి చూడండి. మరలు వదులుగా ఉన్నప్పుడు చూపేది నిజం కాదు.

పసుపు ఆగకుండా అరాల్డైట్ తెరవొద్దు.

---

లంకమల నీడ, కడప:

అన్నా, నేను రైఫిల్ కొన్న డీలర్ దగ్గర పాత ఐదు తూటాల మ్యాగజైన్లు రెండు చూసినాను, ఇనుపవే. లైసెన్సు కాపీ, రైఫిల్ నంబరు చూపితేనే ఇస్తాడు. ఇప్పుడు పోతే మీ నాయన లైసెన్సు మీద, ఆయన వెంట ఉండగానే తీసుకోవాలి. లేదా మీ పేరు మీదికి వచ్చినాక పోండి. ఒకటి పక్కన పెట్టమని రేపు ఫోన్ చేసి చెప్తాను. పోయేటప్పుడు వంగిన మ్యాగజైన్ కూడా తీసుకుపోండి, పక్కపక్కన పెట్టి గాడి, పెదవి కొలిచి చూస్తాడు. డీలర్ వివరాలు మెసేజ్‌లో పంపుతున్నా.